బాపు పేజీ

నాకు వచ్చిన ప్రోగ్రామింగ్ భాష ఒక్కటే. దాని పేరు కూడా ఒక్క అక్షరమే, ఆర్. సగటులు తీయడానికి, పట్టికలు వేయడానికి, గ్రాఫులు గీయడానికి పుట్టిన భాష అది. కరీంనగర్‌లో నా ఉద్యోగమంతా దానితోనే. వెబ్ పేజీలు చేయడానికి వేరే భాషలున్నాయి, అవి వచ్చిన మనుషులూ ఉన్నారు. కానీ మా నాన్న కోసం, బాపు కోసం ఒక పేజీ కావాల్సి వచ్చినప్పుడు ఇంకొకరిని అడగడం నాకు నామోషీ అనిపించింది. ఉన్న కత్తితోనే కూరగాయలు తరిగాను, కొబ్బరికాయా కొట్టాను.

బాపు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరయ్యాడు. గోదావరి ఒడ్డున కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేనాటికే ఆ బాయి మోతకు చెవులు పోయాయి. చెవి మిషన్ కొనిస్తే కొన్నాళ్లు పెట్టుకుని, కుక్కర్ విజిల్ తప్ప ఇంకేమీ వినపడటం లేదని డ్రాయర్లో పడేశాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఉన్నన్నాళ్లు మాకు ఆ లోటు తెలియలేదు. ఎవరేమన్నా ఆమె బాపు వైపు తిరిగి, పెదవులు కదిలించి, చేతులు తిప్పి, తన మాటలు నాలుగు కలిపి మళ్లీ చెప్పేది. అవ్వ పోయాక ఆ పని మాలో ఎవరూ ఎత్తుకోలేదు.

ఒక ఆదివారం అందరం అన్నం తింటున్నాం. నా భార్య తన తమ్ముడి ముచ్చట చెబుతోంది. ఆయన ఉండేది నిర్మల్‌లో. మెట్‌పల్లిలో చుట్టాల పెండ్లికి వచ్చి ఏం చేశాడో ఆమె చెబుతుంటే మా బిడ్డకు నవ్వి నవ్వి పొలమారింది. బాపు మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు, దేనికో తెలియాలి అంతే. ఏందిరా అని నన్ను అడిగాడు.

"ఏం లే బాపు," అన్నాను.

అంత కథ గట్టిగా అరిచి చెప్పే ఓపిక లేక అన్న మాట అది. రోజుకెన్నిసార్లు అంటామో మాకే తెలియదు. ఆ పూట బాపు మారు వడ్డించుకోకుండా లేచాడు. మరునాటి నుంచి, తనకు ఆకలి జల్ది అయితదని చెప్పి, కంచం తన గదిలోకి తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఒకే ఇంట్లో ఉంటూనే ఆయన మాకు దూరమైపోతున్నాడని నాకు భయం వేసింది.

ముందు వాట్సాప్ గ్రూపులో చేర్చాం. గుడ్ మార్నింగ్ పూల బొమ్మల కింద మా మాట ఎక్కడుందో ఆయనకు దొరకలేదు. వెతకబోయి ఏదో నొక్కితే పెద్దపల్లిలో ఉన్న మా మేనత్తకు వీడియో కాల్ పోయింది. అప్పుడే పేజీ ఆలోచన వచ్చింది. బిడ్డ చదువుకని కొన్న పాత టాబ్ ఒకటి ఉంది. ఇంట్లో ఎవరైనా తమ ఫోన్లో, అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక షీట్‌లో మాట రాస్తే, నా కంప్యూటర్లో ఆర్ దాన్ని చదివి పేజీగా మారుస్తుంది. అందులో పెద్ద విద్యేమీ లేదు. పేరా మొదలైందని ఒక గుర్తు, తర్వాత మాట, పేరా అయిపోయిందని ఇంకో గుర్తు. ఈ మూడింటినీ అంటించే ఆజ్ఞ పేరు పేస్ట్. బాపు ముందున్న టాబ్‌లో ఆ పేజీ నిమిషానికోసారి తనంతట తానే కొత్తదవుతుంది. బాపు దేన్నీ నొక్కే పని లేదు.

మొదటిరోజు నేను పైన శీర్షికను తెరిచి, మూసే గుర్తు పెట్టడం మరిచిపోయాను. దాంతో పేజీ మొత్తం శీర్షికే అయిపోయి, అక్షరాలన్నీ లావుగా, బొద్దుగా వచ్చేశాయి. సరిచేయబోతే బాపు నా చెయ్యి పట్టుకుని, ఇట్లనే ఉండనియ్యి, కండ్లకు మంచిగున్నది అన్నాడు. ఆ తప్పు ఇప్పటికీ అలాగే ఉంది. ఆ ఫైలు మా ఆఫీసులో ఎవరికీ చూపించను.

కానీ అందులో నేను పెట్టిందేమిటి? అలవాటు ఎక్కడికి పోతుంది, పట్టిక పెట్టాను. ఈరోజు వంట, వచ్చినవాళ్లు, కరెంటు పోయే వేళ, ముఖ్యమైన సంగతులు. బాపు మర్యాదకు రెండు రోజులు చదివి టాబ్‌ను బోర్లా పెట్టేశాడు. బాగాలేదా అని సైగ చేశాను.

"మా బాయి కాడి నోటీసు బోర్డు లెక్క ఉన్నది," అన్నాడు. "గియ్యన్ని నేను సూస్తనే ఉన్న. మీరు దేనికి నవ్వుతున్నరో అది రాయి."

సరేనని ఆ మెట్‌పల్లి ముచ్చటే రాశాను. 'బామ్మర్ది పొరపాటున వేరే వాళ్ల పెండ్లిలో భోజనం చేశాడు.' బాపు చదివి, అయ్యో పాపం అన్నాడు. నా భార్య అది చూసి నెత్తి కొట్టుకుంది.

"గిట్ల రాస్తే ఎవలు నవ్వుతరు? ఇటియ్యుర్రి," అని ఫోన్ లాక్కుంది.

ఆమె కూర్చుని అంతా రాసింది. తమ్ముడు పక్క ఫంక్షన్ హాల్లోకి పోవడం, పెండ్లికొడుకు తండ్రిని అలాయ్ బలాయ్ అని కౌగిలించుకోవడం, బగారన్నం రెండోసారి పెట్టించుకోవడం, స్టేజీ ఎక్కి ఫోటో దిగడం. ఆఖరికి అక్కకు ఫోన్ చేసి, స్టేజీ కాడనే ఉన్న, నువ్వేడ ఉన్నవే అన్నాడట. నేను గూడ స్టేజీ కాడనే ఉన్న గదరా అని ఈమె. ఇద్దరూ రెండు హాళ్లలో రెండు స్టేజీల పక్కన నిలబడి ఒకరినొకరు వెతుక్కున్నారు. ఆఫీసులో వంద మాటలను ఒక మాటగా కుదిస్తే నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పుకు అలవాటుపడి నేను ఇంత కథనూ మింగేశాను.

గదిలోంచి బాపు నవ్వు వినపడింది. అవ్వ పోయాక అంత నవ్వు వినలేదు. దస్తీతో కండ్లు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, ఇంతకు గా పెండ్లిల కూర మంచిగున్నదటనా అని అడిగాడు. ఆ రాత్రి ఆయన కంచం మా మధ్యకు వచ్చింది. మేం నవ్విన కాసేపటికి ఆయన నవ్వుతాడు, ఆయన నవ్వు చూసి మేం మళ్లీ నవ్వుతాం.

మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి ముగ్గురూ బాపు మంచం మీద కూర్చుని, టాబ్ చూస్తూ పడీపడీ నవ్వుతున్నారు. షీట్‌లో ఒక వేలితో టైప్ చేయడం బాపు మా బిడ్డ దగ్గర నేర్చుకున్నాడని అప్పటికే తెలుసు. మధ్య మధ్య నా వైపు చూస్తున్నారు కాబట్టి ముచ్చట నాదేనని అర్థమైంది. ఏంది బాపు అని అడిగాను. ఆయన నా నోటి వైపు చూశాడు.

"ఏం లే తియ్యి," అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది, చురుక్కుమని కూడా అనిపించింది. కంప్యూటర్ నాది, ఫైలు నాది, తెరిస్తే ఉన్నదంతా కనపడుతుంది. తెరవబుద్ధి కాలేదు. టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి, నాక్కూడా చెప్పరాదు బాపు అని మళ్లీ అడిగాను.

బాపు మంచం మీద నాకు చోటిస్తూ కొంచెం పక్కకు జరిగాడు.