ఇప్పచెట్టు కింద నేనిచ్చిన జవాబు

దయ్యాలంటే నాకు నవ్వే. ములకలపల్లి దగ్గర మా ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. చెట్టు మీద దయ్యముందని పిల్లలు జడుసుకుంటే, ఉంటే నాలుగు కాయలు రాల్చమందాం పదండి అనేదాన్ని.

మా ఆయన పోడు భూముల కోసం తిరిగిన మనిషి. ఊరూరా మీటింగులే. గొంతెత్తితే వాగు అవతలికి వినబడేది. అంత మాట్లాడిన మనిషి గొంతు ఒక్క క్యాసెట్టులోనూ లేదు. మెదడు మలేరియా వచ్చి, భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. రేషన్ కార్డు మీది ఫొటో మిగిలింది. మొహం ఉంది, గొంతు లేదు. రానురాను అది నా చెవుల్లోంచి కూడా జారిపోయింది. నా ఏడుపంతా దానికే.

కొన్నేళ్లకు హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి వచ్చింది, ఆయన మీద చిన్న సినిమా తీస్తానని. ఎక్కడన్నా ఆయన ఉపన్యాసం రికార్డు దొరుకుతుందేమోనని ఆశపడ్డాను. ఆమెకూ దొరకలేదు.

ఇప్పపూలు రాలే రోజులు. తెల్లవారుతుంటే ఇంటి దగ్గరి మా చెట్టు కింద నేను, మా అత్తమ్మ పూలు ఏరుతుంటే కెమెరా పెట్టింది. పూలు రాలే చప్పుడు కావాలి, ఎవరూ మాట్లాడొద్దంది. మేం నోరు విప్పలేదు. నాకు బాగా గుర్తు.

వానలు పడ్డాక పాల్వంచలో ఒక హాల్లో సినిమా వేశారు. తెర మీద నేను పూలు ఏరుతున్నాను. ఉన్నట్టుండి తలెత్తి, ఇంటివైపు తిరిగి నవ్వాను.

"నీ మీటింగు ఏడికి పోదు, వస్తున్న."

ఆ జవాబు ఆయనకు తప్ప ఎవరికీ చెప్పను. మీటింగుకు పోవాలని పొద్దున్నే అన్నానికి తొందరపెడుతూ పిలిస్తే రోజూ అదే అనేదాన్ని. కానీ సినిమాలో పిలుపు లేదు. తెర మీద నా పక్కనే ఉన్న అత్తమ్మ తల కూడా ఎత్తలేదు.

హాల్లో మాత్రం ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమన్నడే వాడు?"

నాకేం తెలుసు? "అవ్వ తిన్నదా అని అడిగిండు" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ అమ్మాయిని అడిగితే, ఇంట్లోంచి ఎవరో పిలిచారనుకున్నాం అక్కా, అంది. టేపంతా వేసి వినిపించింది. పూల చప్పుడు, నా మాట తప్ప ఏమీ లేదు.

సీడీ ఇచ్చారు. సౌండ్ పెంచి, టీవీకి చెవి ఆనించి ఎన్నిసార్లు విన్నానో. అలవాటు కొద్దీ అన్నానేమో అని సర్దిచెప్పుకుందామనుకుంటాను. ఆ నవ్వు చూశాక నా మాట నేనే నమ్మను.

తెర మీద నవ్విన ఆ ఆడదాన్ని చూస్తే నాకు కుళ్లు. దానికి వినబడింది.