మైతర్ మైల

రాముడు కోరాపుట్ మునిసిపాలిటీలో నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో కొండజనం భాష దేశియా మాట్లాడతాడు. వాళ్ల నాన్న విజయనగరం వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి బొయిపరిగుడ సంతలో అమ్మేవాడు. అక్కడే చోళ్లు, అంటే రాగులు, అమ్ముకునే ఒక పరజ తెగ రైతుతో ఆయనకి స్నేహం కుదిరింది. ఇద్దరూ తమ కొడుకులని, ఇంకా నిక్కర్ల వయసులోనే, ఎదురెదురుగా కూర్చోబెట్టి నుదుట బియ్యం అద్ది, కొత్త తువ్వాళ్లు మార్పించి మైతర్లను చేశారు. మైతర్ అంటే ఆ కొండల్లో కులం చూడని చుట్టరికం. ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఒకరింట్లో చావైతే రెండో ఇంట్లోనూ మైలే.

ఆ మైతర్, రైతు కొడుకు, పోయాడని ఫోను వచ్చేసరికి రాముడి ఇంట్లో అరిసెల పాకం పొయ్యి మీదుంది. మర్నాడు కూతురు లక్ష్మిప్రియ నిశ్చితార్థం. సాలూరు నుంచి మగపెళ్లివారు వస్తారు.

"ఎల్లకపోతే ఏటవుద్ది?" అంది భార్య కుంతి.

"దూరంగా నిలబడి సూసొచ్చేస్తాను. ముట్టుకోను. ఎవులికీ తెలీదు."

"గుమ్మంలో నీల్లెట్టుంచుతాను. తానం సేసే లోపలికి రా."

ఘాటు రోడ్డు దిగి బస్సు బొయిపరిగుడ చేరింది. అక్కణ్ణించి ఆటో. కొండలు చూడ్డానికొచ్చిన విశాఖ కుర్రాడొకడు పక్కన ఇరుక్కుని, "పైన చూడ్డానికేం ఉన్నాయి అంకుల్?" అనడిగాడు.

"శవం ఉంది," అన్నాడు రాముడు.

రోడ్డు ఆగిపోయిన చోట దిగి, పసుపు పచ్చగా పూసిన వలిసె చేల మధ్య నుంచి నడిచాడు. ఊళ్లో ఇంకా శవాన్ని ఎత్తలేదు. మగవాళ్లంతా వాకిట్లో వరసగా కూర్చుని గుండు చేయించుకుంటున్నారు. శవం లేవకముందే గుండు ఆ ఊరి పద్ధతి. మైతర్ తమ్ముడికీ పెద్దకొడుక్కీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలేశారు. కత్తి పట్టినవాడు అక్కడికొచ్చి ఆగాడు. ఎవరూ పిలవలేదు. మైతర్ భార్య ఒక్కసారి తలెత్తి, "ఎండెక్కుతోంది మైతర్," అంది రాముడితో, దేశియాలో.

గుండు దాగేది కాదు. తుండుగుడ్డ చుట్టుకుని కూతురి నిశ్చితార్థంలో కూర్చోలేడు. రాముడి నాన్న పోయినప్పుడు ఈ మైతర్ పిలవకుండానే కొండ దిగి వచ్చి, వీధి వీధంతా చూస్తుండగా గుండు చేయించుకున్నాడు. జనం నవ్వారు. అప్పుడు రాముడికీ సిగ్గేసింది.

వెళ్లి ఆ చోట్లో కూర్చున్నాడు.

తరవాత కుంతికి ఫోను చేశాడు. "సాలూరోల్లని రావద్దని సెప్పు. ఇంట్లో మైల."

"గుండు సేయించుకున్నావేటి?"

"ఊఁ."

"ఎవులు పోయేరని సెప్పమంటావు? సంత దోస్తు పోయేడంటే నవ్విపోతారు. ఆ సమ్మందం మరి రాదు. మన అమ్మికేటి సెప్తావు?"

"అమ్మికి నానే సెప్తాను. ఆల్లకి మా అన్న పోయేడని సెప్పు."

కుంతి ఫోను పెట్టేసింది. మైతర్ పెద్దకొడుకు వచ్చి పక్కన నిలబడ్డాడు. రాముడు చొక్కా విప్పి వాడికిచ్చి, పాడె ముందుపక్క భుజానికెత్తుకున్నాడు.