పది మంది రాని మ్యాట్నీ

నాగులచవితి వెళ్లిన శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలకి పది నిమిషాల ముందు మా ఊరి సినిమా హాలు మూతపడింది. తలుపులకి తాళం వేసింది ఆ తరవాత వారంలో గాని, మూతపడింది మాత్రం అప్పుడే, నా నోటి మాటతో. నిన్న ఆ హాలు ముందు నుంచి వస్తుంటే రొయ్యల మేత బస్తాలు దింపుతున్నారు. ఆడవాళ్ల గేటు దగ్గర, పాతికేళ్లకు పైగా నేను టికెట్లు చింపిన చోట, లారీ వెనక్కి తిప్పి పెట్టారు. ఆ మేత వాసన ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎండుచేపల్ని తడి గోనెలో కట్టి మరిచిపోతే వచ్చే వాసన. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, చివరి రోజుల్లో ఆ హాల్లో ఆడిన సినిమాల కంటే ఇదే నయం అనుకుంటూ ఇంటికొచ్చి, ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది పాలకొల్లు దాటి గోదావరి గట్టు దగ్గరకొస్తే తగిలే ఊరు. వంతెన కట్టకముందు లంక ఊళ్ల ఆడవాళ్లంతా మ్యాట్నీకి పంటు మీద ఏరు దాటి వచ్చేవారు. అందుకని మా హాల్లో ఆట గడియారాన్ని బట్టి కాదు, పంటుని బట్టి మొదలయ్యేది. గోడ మీద రెండున్నర అని రాసి ఉండేది గాని దాన్నెవరూ లెక్కచేసేవారు కాదు. మైకులో పాటలు వేస్తూ ఉండేవారు, నేను గేటు దగ్గర నిలబడి రేవు కేసి చూస్తూ ఉండేదాన్ని. తడిసిన కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, చంకల్లో పిల్లలతో, చేతుల్లో వేయించిన వేరుశనక్కాయల మూటలతో ఆడవాళ్లు గట్టెక్కడం కనబడగానే గొడుగు విప్పి పైకెత్తేదాన్ని. పైన ఆపరేటర్ గది కిటికీలోంచి అది చూసి మా మరిది గంట కొట్టేవాడు. లోపల తాసిల్దారుగారి భార్య వచ్చి కూర్చున్నా సరే, గొడుగు లేవందే గంట మోగేది కాదు. ఈ మరిది మా ఆయన తమ్ముడు. నేను కాపురానికి వచ్చేనాటికి పదేళ్లవాడు. నా చేతి అన్నం తిని పెరిగి, ఆ హాల్లో రీళ్లు చుట్టే పనిలో చేరి, ఆపరేటరై, తల నెరిసేదాకా ఆ మెట్లే ఎక్కి దిగాడు.

అక్షరాలు నాకు ముప్పై దాటాక వచ్చాయి. అవీ తిట్లు తింటే వచ్చాయి. మా ఆయన ఆ హాలుకే గోడల మీద పోస్టర్లు అంటించేవాడు. బొమ్మ తలకిందులు కాకుండా చూసుకోవడం ఒక్కటే ఆయన చదువు. నాది అంతకంటే తక్కువ. ఒక శుక్రవారం పోస్టరు మీద కొత్తగా ఎర్ర కాగితం అతికించి ఉంటే సినిమా మారిందనుకున్నాను. పంటు దిగి వచ్చినవాళ్లు కొత్తదేనా అని అడిగితే, కొత్తదే పదండని లోపలికి తోశాను. కొత్త సినిమా పెట్టెలు రాలేదనీ, పాతదే ఇంకో వారం ఉంచుతున్నామనీ ఆ ఎర్ర కాగితం మీద రాసి ఉందట. పేర్లు పడగానే అందరూ లేచి వచ్చి గేటు దగ్గర నన్ను చుట్టుముట్టారు. తెల్లారకుండా లేచి వంటలు ముగించుకుని, చంటి పిల్లలతో ఏరు దాటి, చూసిన సినిమాకే వచ్చినవాళ్ల నోట్లోంచి ఏం వస్తాయో అవే వచ్చాయి. మా పుట్టింటి దాకా వెళ్లారు. మర్నాడే బుకింగు గుమాస్తాగారి ముందు కూర్చున్నాను. ఆయన పాత పోస్టర్ల మీద జానెడేసి అక్షరాలు చూపించి నేర్పారు. అందుకే నాకు పెద్దక్షరాలు ముందొచ్చి, చిన్నవి ఆనక వచ్చాయి. ఇప్పటికీ పేపర్లో హెడ్డింగులు చదివి పక్కన పడేస్తాను, దానివల్ల నష్టపోయిందేమీ లేదు. ఆ రోజు నుంచి గేటు దగ్గర ఎవరు ఏ సినిమా గురించి అడిగినా ఉన్న మాటే చెప్పాను. బాగుంటే బాగుందని, లేకపోతే ఇంటికెళ్లి పడుకోమని. హాలు ఆసామి పెద్దబాబుగారు పళ్లు కొరికేవారు గాని, నేను బాగుందంటే జనం వస్తారని ఆయనకీ తెలుసు.

చూసిన సినిమాని కొత్తదని చెప్పి లోపలికి తోసే పని నేను చదువు రాక ఒక్కసారి చేశాను. ఇప్పుడు చదువుకున్నవాళ్లు పనిగట్టుకుని ఏటా చేస్తున్నారు. పైగా ముందు రోజు స్టేజీ ఎక్కి, ఎవరూ చూడనిది చూపిస్తామని చెబుతారు. హాలు మూతపడ్డ శుక్రవారం వచ్చిన సినిమా సంగతే చూడండి. తమ్ముడి దొంగతనం నెత్తినేసుకుని అన్న జైలుకెళ్లే కథ. ఒకప్పుడు మా హాల్లోనే వంద రోజులు ఆడింది. దాన్ని అరవంవాళ్లు పట్టుకెళ్లి తీశారు. అరవంవాళ్ల దగ్గర హిందీవాళ్లు తీసుకున్నారు. ఇప్పుడు మనవాళ్లు హిందీవాళ్ల దగ్గర హక్కులు కొనుక్కొచ్చి మళ్లీ తెలుగులో తీశారు. మన పెరట్లో ములక్కాడల్నే పొరుగూరి సంతలో కొనుక్కొచ్చి వండినట్టు. అది తిని మనం రుచి కొత్తగా ఉందనాలి.

పెద్దబాబుగారు పోయాక హాలు చినబాబుగారి చేతికి వచ్చింది. ఆయన మనసంతా రొయ్యల చెరువుల మీద. పది మంది లేందే ఆట వెయ్యద్దని చెప్పేశారు, ఆ ఏడాది సగం రోజులు ఆట పడనేలేదు. మేత కంపెనీవాళ్లు గోడౌను కోసం తిరుగుతున్నారు. ఆయన మా మరిదిని పిలిచి, మన హాల్లో వంద రోజులాడిన కథే కదా, ఈ కొత్తదాని మొదటి మ్యాట్నీకైనా పది మంది రాకపోతే హాలు వాళ్లకి ఇచ్చేస్తానన్నారు. బుధవారం సాయంత్రం మరిది మా అరుగు మీద కూర్చుని ఆ సంగతి చెప్పి, "ఇంకో పని చేతకాదు వదినా నాకు" అన్నాడు. ఆ మాటా నిజమే. ఇప్పుడు రీళ్లు లేవు, కంప్యూటరులో బొత్తాం నొక్కితే బొమ్మ పడుతుంది. అయినా ఆ బొత్తాం నొక్కే ముందు చొక్కా గుండీలు సరిచేసుకునే మనిషి వాడు.

గురువారమంతా వీధుల వెంట తిరిగాను. తలుపు కొట్టి సినిమాకి పిలవాల్సిన రోజు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. మా వెనక వీధి పంతులమ్మగారు ఫోను తెచ్చి చూపించింది. "పాతది ఇందులో ఉందండి, అరవంలోదీ ఉంది, హిందీదీ ఉంది. ఇంక నాలుగోది ఎందుకండి పిన్నిగారూ?" ఇంకొకావిడని కొడుకు రాజమండ్రిలో పెద్ద హాలుకి తీసుకెళ్లాడట, సోఫాలట, చల్లదనమట. సినిమా ఎలా ఉందంటే, హాయిగా నిద్ర పట్టిందండీ అంది. ఆ హాలు కట్టినవాళ్లు సినిమాలు చూసే కట్టి ఉంటారు. సంత దగ్గర ఒక లంక ముసలమ్మ నన్ను గుర్తుపట్టి, నువ్వు చెప్పవే, బాగుంటుందా అని నిలదీసింది. చూడకుండా ఎలా చెబుతానని తప్పించుకున్నాను. తప్పించుకోవడం నాకు అలవాటు లేని పని.

శుక్రవారం రెండున్నర అయ్యేసరికి ఏడుగురం తేలాం. నేను, నేను లాక్కొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, హాలు పక్క సోడా కొట్టు పెద్దాయన, సినిమా కోసం కాకుండా ఒకరి కోసం ఒకరు వచ్చిన కాలేజీ జంట, హాలు కొలుచుకుందామని టేపుతో వచ్చి, ఎలాగూ వచ్చాను కదా అని టికెట్టు కొన్న మేత కంపెనీ మనిషి. చినబాబుగారు వరండాలో కుర్చీ వేయించుకుని గడియారం చూస్తున్నారు. పైనుంచి మా మరిది, కాస్త ఆగండి బాబూ, రేవు వైపు మనుషులు రావాలి అన్నాడు. వంతెన పడి పంటు ఆగిపోయి ఎన్నేళ్లయిందో ఆ మాటన్నవాడికీ తెలుసు. అయినా నేను గేటు దాటి వెళ్లి రేవు కేసి చూశాను. రేవులో గేదెలు పడుకుని ఉన్నాయి. వంతెన మీద కార్లు వరసగా పోతున్నాయి, ఒక్కటీ ఇటు తిరగలేదు. ఎండ మొహం మీద చుర్రుమంటుంటే చేతిలో గొడుగు విప్పాను.

పైన గంట మోగింది. చినబాబుగారు కుర్చీలోంచి లేచి, ఎవరొచ్చారు, ఎంతమంది వచ్చారు అంటూ గేటు దాకా పరుగెత్తుకొచ్చారు. ఆయన మొహంలో ఆశ చూసి నేనే తల దించుకున్నాను. ఎండకి విప్పాను బాబూ అని గొడుగు ముడిచేశాను. మరిది కిటికీలోంచి సగం దాకా వంగి చూస్తున్నాడు. చినబాబుగారికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. మెల్లగా అడిగారు.

"పోనీ మీరు చెప్పండి పిన్నిగారూ. మీ మాట మీద నాన్నగారికి నమ్మకం. రేపటి నుంచైనా జనం వస్తారంటారా? వస్తారంటే ఇంకో నెల చూస్తాను."

వస్తారు అనడానికి ఎంతసేపు పడుతుంది? కిటికీ కేసి చూడకుండా చెప్పాను. "రారు బాబూ. రేపు నేనే రాను."

చినబాబుగారు మేత కంపెనీ ఆయనకేసి తల ఊపి, ఉన్నవాళ్ల కోసం ఆట వేసెయ్యమన్నారు. మరిది వేశాడు. మేం చూశాం. చూశాను కాబట్టే తిడుతున్నాను. పాతదాంట్లో అన్న సైకిలు మీద జైలుకెళ్లాడు, ఇందులో పదిమంది పోలీసుల్ని గాల్లోకి విసిరి, ఆనక బుద్ధిగా వాళ్ల బండే ఎక్కాడు. అంత బలమున్నవాడు జైలుకెందుకెళ్లాలో తీసినవాడికి తోచలేదు. నేను లాక్కొచ్చిన వాళ్లలో ఒకరైన మా తోడికోడలు ప్రతి మాటా తెర కంటే ముందే చెబుతోంది. తల్లి చచ్చిపోయేచోట ఒకప్పుడు హాలంతా కొంగులు తడిపింది, ఇప్పుడు ఆ తల్లి చావు ఎప్పుడొస్తుందా, విరామంలో సోడా తాగుదామా అని కూర్చున్నాం. విరామం కాగానే ఆపెయ్యమని చినబాబుగారు కబురు పంపారు. మరిది ఆపలేదు. చివర పేర్లన్నీ పడి తెర తెల్లబడేదాకా ఉంచి, అప్పుడు దిగి వచ్చాడు.

మెట్ల కింద నేను నిలబడి ఉన్నాను. చొక్కా గుండీలు అన్నీ పెట్టుకునే ఉన్నాడు. "ఒక్క నెల వదినా. ఒక్క నెల అబద్ధమాడితే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు. ఆ సినిమాని, దాన్ని తీసినవాళ్లని, చూడనివాళ్లని అందరినీ తిట్టగలను, ఇప్పటికీ తిడుతున్నాను. వాడి మాటకి మాత్రం ఇవాళ్టికీ జవాబు దొరకలేదు. పండగకి పిలిస్తే వస్తాడు, నేను వడ్డిస్తే తింటాడు, ఉప్పు కావాలంటే పెళ్లాన్ని అడుగుతాడు.

ఆ మధ్యాహ్నం అక్కడున్నవాళ్లం వీళ్లం: నేను, మా తోడికోడలు, చుట్టపుచూపుగా వచ్చి ఇరుక్కుపోయిన మా వియ్యపురాలు, సోడా కొట్టు పెద్దాయన, ఆ కాలేజీ అమ్మాయి, ఆ అబ్బాయి, మేత కంపెనీ ఆయన, వరండాలో చినబాబుగారు, పైన మా మరిది. కాలానిదీ నాలాగే మొహమాటం లేని నోరు, ఉన్న మాట అనేసి పోతుంది. కాకపోతే, దానికి ఎదురుపడి తల తిప్పుకుని పోయే మరిది లేడు.