మూడు లినక్సులు, ఒక తిథి

మా కాలనీలో ఎవరింట్లో ఎవరి ఆబ్దికం ఏ రోజు వస్తుందో నన్ను అడుగుతారు. ఉగాదికి కొత్త పంచాంగం చేతికి రాగానే కూర్చుని, ఒక్కో ఇంటి పెద్దల తిథి ఆ ఏడు ఏ తేదీన పడుతుందో, అపరాహ్ణం వేళకు ఆ తిథి ఉంటుందో జారిపోతుందో లెక్కగట్టి పట్టికలో ఎక్కిస్తాను. శామీర్‌పేట దాటి అలియాబాద్ వైపు వచ్చే ఈ కాలనీలో ఎక్కువమంది మాలాగే కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లు. సొంత ఊళ్లో అయితే పురోహితుడే గుర్తుపెట్టుకుని ముందుగా కబురు పంపేవాడు. ఇక్కడి పురోహితుడికి చుట్టుపక్కల కాలనీలన్నీ ఒకటే. ఫలానా రోజని మనమే చెప్పి పిలిపించుకోవాలి. అలా ఆ పని నా మీద పడింది. పడిందనడం సరికాదు, నేనే తీసుకున్నాను. ఒక రోజు అటూ ఇటూ అయిందని తెలిస్తే ఆ పూట నాకు అన్నం సహించదు.

మొదట్లో పట్టిక పుస్తకంలో ఉండేది. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాక, అక్షరం అక్షరం రెండుసార్లు సరిచూసి, పుస్తకాన్ని పాత కాగితాల వాడికి వేశాను. చిన్నప్పుడు తెలుగు టైపురైటర్ మీద నేర్చుకున్న చెయ్యి నాది. ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు మీటల మీద గుడ్డ కప్పి కొట్టించేవారు. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు, టైపురైటర్ వరుసలోనే అక్షరాలు పడే ఫాంటు ఒకటి వెతికి వేయించుకున్నాను. ఇంగ్లీషు మీట నొక్కితే దాని చోట తెలుగు అక్షరం వచ్చేది. వేళ్లకు తేడా తెలియలేదు.

కిందటి కార్తీకం ముందు, ఈ మిషన్‌కు ఇక కొత్త విండోస్ ఎక్కదని, పాతదాన్ని ఎవరూ పట్టించుకోరని తెర మీద రోజూ ఒక నోటీసు రావడం మొదలైంది. దాన్ని మూసేస్తే మర్నాడు మళ్లీ వచ్చేది. మా ఆయన కొత్తది కొనేయమన్నారు. పనిచేసే వస్తువును పారేయడం నాకు చేతకాదు.

ఎదురింటి అమ్మాయి కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. అమ్మాయంటే ఏభై దగ్గర పడినావిడే. పొద్దున్నే గేటు దగ్గర కాలేజీ బస్సు కోసం నిలబడి ఉంటే ఈ నోటీసు సంగతి చెప్పాను.

"విండోస్ తీసేసి దాని బదులు లినక్స్ వేసుకోండి పిన్నిగారూ, డబ్బు కట్టక్కర్లేదు. మా ల్యాబు నిండా అవే. వాటిల్లో మింట్‌తో మొదలుపెడితే మీకు కొత్తగా ఉండదు, కింద ఎడమపక్కనే మెనూ ఉంటుంది. నచ్చకపోతే ఇంకోటి. లినక్సులకేం కొదవ లేదు."

"అన్నెందుకు? ఒక్కటి సరిగ్గా చేస్తే చాలదూ?"

"అదే కదా అందం. మనకు నచ్చినది మనం ఎంచుకోవచ్చు."

ఆ సాయంత్రమే మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చింది. కార్తీక శుద్ధ ఏకాదశి నాడు, నేను తయారుచేసుకున్న ఫైళ్లన్నీ ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తాను. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అన్నీ వచ్చాయని చూసుకుని, ఒక్కొక్కటి తెరిచి మూశాను. అప్పుడు, డిస్కు మొత్తం తుడిచి మింట్ వేయమంటావా అని తెర అడిగితే వేయమన్నాను. పాతదాన్ని పక్కనే ఉంచమంటావా అని కూడా అడిగింది. రెండు పొయ్యిలు వెలిగించే అలవాటు నాకు లేదు.

అరగంటలో ఇల్లు మారినట్టయింది. అంతా శుభ్రంగా ఉంది, ముచ్చటగా ఉంది. పట్టిక తెరిచాను. ఇంటి నంబర్లు ఉన్నాయి. తేదీల అంకెలు ఉన్నాయి. పేర్లు, మాసాలు, పక్షాలు, తిథులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల చెత్తగా ఉన్నాయి. పెద్దక్షరం పక్కన చిన్నక్షరం, మధ్యలో కామాలు, బ్రాకెట్లు. మా అత్తగారి పేరు ఉండవలసిన చోట అర్థం లేని ఆరు ముక్కలు.

నేను చేసుకున్నవన్నీ దాచుకున్నాను. ఆ ఫాంటు నేను చేసింది కాదు కనుక అది నా లెక్కలోకి రాలేదు. డిస్కుతోపాటు తుడుచుకుపోయింది. ఈ సంగతి అప్పుడే తెలిసి ఉంటే బాగుండేది. నాకు తట్టింది వేరు. ఈ లినక్స్‌కు తెలుగు సరిగా రాదనుకున్నాను. అందులో తెలుగు కీబోర్డులు మూడు రకాలున్నాయి. మూడింటిలో ఏదీ నాది కాదు. వేలు పెట్టిన చోట వేరే అక్షరం వచ్చేది. సొంత వంటింట్లో ఎవరో డబ్బాలు మార్చి పెట్టినట్టుండేది.

మార్గశిరంలో మింట్ తీసి ఉబుంటు అనే ఇంకో లినక్స్ వేశాను. మెనూ పట్టీ ఎడమపక్కకు వెళ్లింది. పట్టికలో చెత్త అలాగే ఉంది.

"సూరారంలో అద్దె ఇళ్లు మారినట్టు మారుస్తున్నావోయ్," అన్నారు మా ఆయన. ఆయన ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసిన రోజుల్లో అక్కడ చాలా ఇళ్లే మారాం. "సామాను మాత్రం అదే పెట్టె. తాళంచెవి లేని పెట్టె."

"మీరు ఊరుకోండి."

"ఊరుకునే ఉన్నాను. నువ్వే ఊరుకోవడం లేదు."

పుష్య బహుళంలో ఒక పొద్దున ఎదురింటి అమ్మాయి బస్సు రాకముందే మా గేటు తీసుకుని వచ్చింది. వాళ్ల అమ్మగారు కిందటి ఏడు పోయారు. అంతవరకూ వాళ్ల నాన్నగారి ఆబ్దికం విషయం ఆవిడే చూసుకునేది. మాఘం దగ్గరపడగానే మా అరుగు మీద కూర్చుని తేదీ అడిగి వెళ్లేది. ఇక ఆ భారం కూతురిది. అన్నదమ్ములు లేరు. ఆ రోజు బ్రాహ్మణుడికి స్వయంపాకం ఇచ్చుకుంటుంది.

"పురోహితుడు తొందరపెడుతున్నాడు పిన్నిగారూ. మాఘంలో పెళ్లిళ్లట, ఇప్పుడు చెప్పకపోతే రాలేనంటున్నాడు. మీరు ఒకసారి చూసి చెబుతారా? నవమో దశమో, అమ్మ ఏమనేదో నాకు గుర్తులేదు."

ఆ రెండింటి మధ్య సందేహం ఎందుకో నాకు తెలుసు. ఆయన నిద్రలో పోయారు. ఆ రాత్రే తిథి మారింది. ఆయన ఏ వేళకు పోయారో ఎవరికీ తెలియదు. చివరిసారి మంచినీళ్లిచ్చిన వేళ ఆవిడ చెబితే, దాన్నిబట్టి అప్పటి పురోహితుడు తిథి తేల్చాడు. ఆ పురోహితుడూ లేడు, ఆవిడా లేదు. తేల్చిన తిథి నా పట్టికలో ఉంది.

"చూసి చెబుతానమ్మా," అన్నాను. చూడడానికి ఏమీ లేదన్న సంగతి చెప్పలేదు. లినక్స్ వేసుకోమన్నది తనే. చెబితే తప్పు తనదే అనుకుంటుంది.

అప్పటినుంచి పొద్దున బస్సు వెళ్లేదాకా గుమ్మంలోకి రావడం మానేశాను. వంటింటి కిటికీలోంచి బస్సు కదలడం చూసి, అప్పుడు పాల ప్యాకెట్లు తెచ్చుకునేదాన్ని. సాయంత్రం నడక కూడా పెరట్లోనే. ఈ వయసులో ఎదురింటి మనిషికి కనబడకుండా దాక్కోవడం ఏమిటని నాకే అనిపించేది. విండోస్‌కు వెనక్కి వెళ్లినా ఫాంటు రాదు. ముందుకు ఎన్ని లినక్సులు మారినా రాదని కూడా నెమ్మదిగా అర్థమవుతోంది. అయినా మధ్యాహ్నం కాగానే ఆ పెట్టె ముందు కూర్చునేదాన్ని. తెర మీద చెత్త, గోడ మీద క్యాలెండరు.

"తిథి తెలియకపోతే అమావాస్య నాడు పెట్టుకోవచ్చు కదా," అన్నారు మా ఆయన.

"అది తెలియనివాళ్లకు. ఇక్కడ తెలుసు. తెరుచుకోవడం లేదంతే."

ఆటో మాట్లాడుకుని మేడ్చల్ వెళ్లాను. అక్కడ ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు వేసే దుకాణం ఉంది. అతని దగ్గర పాత ఫాంటులు చాలా ఉంటాయని విన్నాను. పెన్‌డ్రైవ్ పెట్టి చూశాడు.

"ఏందమ్మా, గిదంత ఇంగ్లీషుల ఉన్నది?"

"ఇంగ్లీషు కాదు. తెలుగే. ఫాంటు పోయింది."

ఒక ఫాంటు వేశాడు. ఇంకోటి వేశాడు. తెలుగు అక్షరాలు వచ్చాయి గాని, అవి మాటలు కావు. చైత్రం ఉండాల్సిన చోట నోరు తిరగని ఏదో కూత.

"సూడుండ్రి, మీ సైత్రం ఏమైందో. గిట్ల పెండ్లికార్డు అచ్చేస్తే పిల్లగాని పేరు కాడ పిల్లి పేరొస్తది," అని నవ్వాడు. "ఒక్కొక్కలు ఒక్కో లెక్క జేసిన్రమ్మా అప్పట్ల. మీ ఫాంటు ఎవ్వలు జేసిన్రో యాదికున్నదా?"

"నాకు వేసిచ్చిన దుకాణం మూసేసి చాలా కాలమైంది."

"ఇగ దొరకదు. ఎందుకమ్మా గింత పరేషాన్? కొత్త కంప్యూటర్ దీస్కోరాదుండ్రి, మస్తుగుంటది."

"కొత్తదాంట్లో ఇది చదవొచ్చా?"

"గది రాదు," అన్నాడు.

వచ్చేటప్పుడు హైవే మీద దుమ్ములో ఆటో ఆగిపోయి, లారీల మధ్య చాలాసేపు కదలలేదు. పెన్‌డ్రైవ్ చీరకొంగున ముడివేసుకుని కూర్చున్నాను. అన్ని ఇళ్ల పెద్దలూ ఆ ముడిలో ఉన్నారు. ఒక్కరినీ బయటకు పిలవలేను.

మాఘ శుద్ధం వచ్చేసింది. పురోహితుడు ఆ అమ్మాయికి రెండుసార్లు ఫోన్ చేశాడట, మా ఆయనతో గేటు దగ్గర చెప్పింది. నేను మర్నాడు పొద్దున్నే డెబియన్ అనే ఇంకోటి వేయడానికి కూర్చున్నాను. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. ఆ మూడోదాని ఇన్‌స్టాలేషన్‌లో పాస్‌వర్డ్ పెట్టమని అడిగింది. నా పాస్‌వర్డ్ మొదటినుంచీ ఒకటే, మా అమ్మ పుట్టిన ఊరి పేరు. టైపురైటర్ మీద కొట్టినట్టే కొడతాను, చుక్కలు పడతాయి, అంతే. ఇక్కడ చుక్కల కింద, రాసింది చూపించమంటావా అని చిన్న గడి ఉంది. తప్పు కొట్టానేమోనని దాన్ని నొక్కాను.

చుక్కల చోట ఇంగ్లీషు చెత్త వచ్చింది. పెద్దక్షరం, చిన్నక్షరం, మధ్యలో కామా. పట్టికలో ఉన్నలాంటి చెత్తే.

అది మా అమ్మ ఊరు. దాన్ని చదవడం నా కళ్లకు రాదు, నా వేళ్లకు వచ్చు. పట్టికలో పాడైనది ఏమీ లేదు. నేను ఏ మీటలు నొక్కానో అవే, నొక్కిన వరుసలోనే ఉన్నాయి.

ఇన్‌స్టాలేషన్ పూర్తయ్యాక పట్టిక తెరిచాను. ముందు మా అత్తగారి వరుస తీశాను. ఆవిడ తిథి నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు కనుక, సరిచూసుకోవడానికి అదే మంచిది. ల్యాప్‌టాప్‌ను కాస్త వెనక్కి నెట్టి, భోజనాలబల్ల మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డపై చేతులు పెట్టాను. తెర మీది అక్షరం చూడడం, ఆ మీట ఉన్న చోట వేలు ఆనించడం. మొదట ఏమీ రాలేదు. అక్షరం అక్షరంగా ఆగితే వేలు మొరాయించింది. ఆగకుండా వరుసగా కొడితే మాట నోట్లోకి వచ్చింది. ఆషాఢ శుద్ధ తదియ. సరిగ్గా అదే.

అప్పుడు ఎదురింటి నంబరు ఉన్న వరుసకు వచ్చాను. మాఘ బహుళ వరకూ వేళ్లు తొణక్కుండా వెళ్లాయి. తర్వాతి మాట మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ నవమే. మా ఆయన పేపరు దించి చూస్తున్నారు.

"ఏమిటోయ్, బల్ల మీద వీణ వాయిస్తున్నావు?"

"నవమి," అన్నాను. చెప్పులు వేసుకుని బయటకు వెళ్లాను. బస్సు ఇంకా రాలేదు.

"ఫాంటు దొరికిందా పిన్నిగారూ?" అంది ఆ అమ్మాయి. మా ఆయన ముందే చెప్పేసినట్టున్నారు, ఆమెకు అంతా తెలుసు.

"దొరకలేదు. మీ నాన్నగారిది నవమి. పురోహితుడికి ఇప్పుడే చెప్పేసేయ్."

"అవును. నవమి వంటకు అమ్మ పనసపొట్టు కోసం ఊరంతా తిరిగేది," అంది నెమ్మదిగా. తర్వాత పురోహితుడికి ఫోన్ చేసింది. బస్సు వచ్చి ఆగినా మాట్లాడుతూనే ఉంది.

ఆ ఆదివారం ఆ అమ్మాయి వచ్చి, ఏ మీటకు ఏ అక్షరమో వరుసగా రాసిస్తే చాలు, పట్టిక మొత్తాన్ని మార్చే చిన్న ప్రోగ్రాం రాస్తానంది. రాయడానికి కూర్చున్నాను. ఒక్కో అక్షరం ఎక్కడుందని విడిగా అడిగితే నా వేళ్లు చెప్పడం లేదు. మాట మొత్తం కొట్టమంటేనే కొడతాయి. సగం అక్షరాలు రాసి, సరిచూస్తే అందులో తప్పులు కనిపించి, చింపేశాను. తిథుల్లో తప్పులు పోనిచ్చే ప్రోగ్రాం నాకొద్దు.

డెబియన్ అలాగే ఉంది. ఇంకోటి వేసే ఉద్దేశం లేదు. దానిలోని తెలుగు కీబోర్డు నా చేతికి రాదు గాని మా ఆయనకు వచ్చింది. ఇంగ్లీషులో కె నొక్కితే క పడే రకం. ఆయన ఎప్పుడూ టైపు నేర్చుకోలేదు కనుక ఆయనకు మరిచిపోవలసింది ఏమీ లేదు. కాఫీ తాగాక బల్లకు అటు ఆయన, ఇటు నేను కూర్చుంటాం. నేను ప్లాస్టిక్ గుడ్డ మీద ఒక వరుస కొట్టి పైకి చదువుతాను. ఆయన చూపుడువేలితో మీట వెతుక్కుంటారు. వైశాఖానికి వత్తు ఖ ఎక్కడుందో ఆయన కనుక్కునేలోపు ఎండ కిటికీ దాటిపోతుంది. ఈ వేగానికి ఉగాదిలోపు అయ్యేది కాదు. నేను లేవడానికి లేదు, ఆయన్ని తొందరపెట్టడానికీ లేదు. తొందరపెడితే తప్పు కొడతారు.

"తర్వాత?" అంటారు.

"ముందు అది సరిగ్గా పడిందో లేదో చదవండి," అంటాను.