పన్నెండు అడుగుల తేడా

మాకు అక్షరాలు దిద్దించిన ఎలీసబెతు టీచరమ్మ కథ ఇది. చాలా భాగం ఆవిడ రిటైరయ్యాక, షాదీపూర్‌లో వాళ్ళింటి అరుగు మీద కూర్చుని నాకు చెప్పిందే. చెబుతూ చెబుతూ ఒకటి రెండు చోట్ల ఆగిపోయేది. అక్కడ నేనూ ఏమీ అడిగేదాన్ని కాదు.

ఆవిడ తండ్రి జ్ఞానయ్య భీమునిపట్నం దగ్గర పల్లె నుంచి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ వచ్చి, గరాచర్మ దాటాక ఉన్న ఒక కొబ్బరి తోటలో డ్రైవరుగా కుదిరాడు. తోట ఒక ఇంగ్లీషు దొరది. 1938లో ఆ దొర కలకత్తా నుంచి ఓడ మీద ఒక కారు తెప్పించుకున్నాడు. ఇద్దరే పట్టే రేసు కారు. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, సైకిలుకి ఉన్నట్టు చువ్వల చక్రాలు. దానికి చాలినంత రోడ్డు ఆ ఊళ్ళో లేదు. జోరందుకునే లోపే సముద్రం ఎదురయ్యేది. దొర నడిపేవాడు, జ్ఞానయ్య కడిగేవాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా రోజూ మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చువ్వ చువ్వకీ నూనె రాసేవాడు. నెలకో ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక దొర తాళం చేతికిస్తే మిన్నీ బే దాకా వెళ్ళివచ్చేవాడు. రెండుసార్లు తండ్రి పక్కన కూర్చుని వెళ్ళినట్టు ఎలీసబెతుకి గుర్తుంది.

1942లో జపాను సైన్యం వస్తోందని తెలిసి దొరలందరూ ఓడలెక్కి వెళ్ళిపోయారు. కారేదని అడిగిన వాళ్ళందరికీ, దొర తనతో తీసుకుపోయాడని జ్ఞానయ్య చెప్పాడు. భార్య మేరికీ పదమూడేళ్ళ కూతురికీ కూడా అదే చెప్పాడు.

జపాను వాళ్ళకి ఊళ్ళోని బళ్ళన్నిటి జాబితా దొరికింది. అందులో ఆ కారు ఉంది, ఊళ్ళో లేదు. జ్ఞానయ్యని మూడు రోజులు తీసుకుపోయారు. నాలుగో రోజు తోటలోకే తెచ్చి, ఎండుకొబ్బరి నిలవ చేసే షెడ్డు ముందర కొట్టారు. ఇంట్లో తల్లి కూతురి చెవులు గట్టిగా మూసిందనీ, అయినా వినపడిందనీ టీచరమ్మ చెప్పింది. అతను ఒకే మాట అన్నాడు, దొర తీసుకుపోయాడని. ఎడమ మణికట్టు విరిగింది. అది వంకరగానే అతుక్కుంది.

యుద్ధం చివరి ఏడు బియ్యం రావడం ఆగిపోయింది. దుంపలు తవ్వుకున్నారు, నత్తలు ఏరుకున్నారు. ఆకలికి మనుషుల కాళ్ళు వాచిపోయాయి. ఆ రోజుల్లో ఒక అధికారి మనిషి వచ్చి, దొరలు దాచిన సామాను చూపించిన వాళ్ళకి బియ్యం బస్తా ఇస్తారని చెప్పి వెళ్ళాడు. మేరి మొగుడి ముఖంలోకి చూసింది. అతను తల వంచుకుని తాడు పేనుతున్నాడు. 1945 జూలైలో ఆమె చనిపోయింది. ఆ తరవాత నెల తిరక్కుండానే యుద్ధం ముగిసింది.

స్వాతంత్ర్యం వచ్చాక తోట ప్రభుత్వం చేతికి వెళ్ళింది. వంకర చేతితో డ్రైవరు పని దొరకదు గనక జ్ఞానయ్య ఆ షెడ్డుకే కావలిదారుగా ఉండిపోయాడు. షెడ్డుకి ఆనుకుని రెండు గదులు, ఆ రెండు గదుల్లో తండ్రీ కూతురూ. ఎలీసబెతు ఇరవయ్యో ఏట తెలుగు బడిలో టీచరుగా చేరింది. రోజూ పొద్దున్న బడికి నడిచి వెళ్ళడం, సాయంత్రం నడిచి రావడం. ఆమె లేకపోతే అతను పొయ్యి వెలిగించేవాడు కాదు. ఒకసారి ఆమె జ్వరంతో మూడు రోజులు ఆసుపత్రిలో ఉంటే మూడు రోజులూ పచ్చికొబ్బరి తిని గడిపాడు.

1952లో ఆసుపత్రి కాంపౌండరు యేసురాజు ఆమెని పెళ్ళి చేసుకుంటానని వచ్చాడు. మంచివాడు, గుడిలో పాటలు బాగా పాడేవాడు. విశాఖపట్నం వెళ్ళి స్థిరపడాలని అతని ఆశ. మామగారినీ తీసుకుపోదామన్నాడు. జ్ఞానయ్య ససేమిరా అన్నాడు. మీరిద్దరూ పోండి, నేను ఈ షెడ్డు వదిలి రానన్నాడు. ఒంటరిగా వదిలేస్తే తండ్రి బతకడని ఆమెకి తెలుసు. యేసురాజు రెండు ఓడలు పోనిచ్చి, మూడో ఓడ ఎక్కాడు.

మూడేళ్ళ తరవాత రాజమండ్రిలో టీచరు ట్రైనింగుకి సీటు వస్తే ఆ కాగితం కూడా పెట్టెలో పెట్టేసింది. గుడి పెద్దలు షాదీపూర్‌లో జాగా ఇప్పిస్తామన్నప్పుడైనా తండ్రి కదులుతాడనుకుంది. కదల్లేదు. అమ్మ ఆ చోట పోయింది గనక వదల్లేకపోతున్నాడని తనకి తాను చెప్పుకుంది. ఆ ఒక్క కారణం పట్టుకుని ఇంకో ఎనిమిదేళ్ళు గడిపింది. తోట పక్కన కొత్త ఇళ్ళు లేచాయి, బస్సు వచ్చింది. బస్సులో ఎక్కే వాళ్ళని చూస్తూ ఆమె వంట చేసేది. ఒక్కోసారి గిన్నె కిందపడేసి ఆ చప్పుడు వినేదట, ఇంట్లో ఏదో ఒకటి జరగాలని.

1963లో రోడ్డు వెడల్పు చేయడానికి షెడ్డు పడగొట్టాలని ఆర్డరు వచ్చింది. కొలతలకి వచ్చిన ఓవర్సీరు గణేశ్వరరావు ద్వీపంలోనే పుట్టిన శ్రీకాకుళం వాళ్ళబ్బాయి. టేపుతో బయట కొలిచాడు, లోపల కొలిచాడు, మళ్ళీ బయటకి వచ్చి కొలిచాడు. జ్ఞానయ్య గుమ్మంలో కూర్చుని చూస్తున్నాడు. ఆ రోజు బడికి సెలవు, ఎలీసబెతు ఇంట్లోనే ఉంది. గణేశ్వరరావు ఆమె దగ్గరకి వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"దీదీ, బయట నాపితే నలభై రెండు అడుగులు. లోపల ముప్పయ్యే వత్తంది. బాకీ పన్నెండు అడుగులు ఏటైపోనట్టు?"

ఆమెకి అర్థం కాలేదు. లోపలికి వెళ్ళి చూసింది. వెనక గోడకి ఆనించి కొబ్బరిపీచు బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అవి అక్కడే ఉన్నట్టు ఆమెకి తోచింది. గణేశ్వరరావు మనుషులు బస్తాలు లాగారు. వెనక ఇటుక గోడ, దాని అడుగున మనిషి పాకి వెళ్ళగలిగినంత కంత. జ్ఞానయ్య లేచి వచ్చాడు గానీ, ఆపండి అనలేదు. కంత దగ్గర నేల మీద కూలబడ్డాడు.

ఎలీసబెతే ముందు పాకి వెళ్ళింది. లాంతరు అందుకుని ఎత్తి పట్టుకుంది. చెక్క దిమ్మెల మీద, చక్రాలు లేకుండా, టార్పాలిను కప్పుకుని అది నిలబడి ఉంది. ఆమె టార్పాలిను తొలగించింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆకుపచ్చ రంగు మెరుస్తోంది. సీటు తోలు ఎలుకలు కొరికాయి, టైర్లు పెళుసెక్కి పగిలాయి. నాలుగు చక్రాలూ గోడకి తగిలించి ఉన్నాయి. ఒక్క చువ్వకీ తుప్పు లేదు. తండ్రి గోళ్ళలో ఎప్పుడూ ఉండే నల్లటి జిడ్డు కొబ్బరినూనె మడ్డి అని ఇన్నాళ్ళూ ఆమె అనుకుంది.

అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది కారు కాదు, బియ్యం బస్తా.

ఆమె బయటకి వచ్చేసరికి గణేశ్వరరావు తన మనుషులని తీసుకుని రోడ్డు మీదకి పోయాడు. తండ్రి ఎదురుగా నిలబడింది. ముప్పయి నాలుగేళ్ళ వయసులో మొదటిసారి తండ్రిని ఏకవచనంలో అడిగింది.

"అమ్మ ఆకలితో చస్తుంటే ఇది ఇక్కడే ఉందా? నీకు అమ్మకంటే బండి ఎక్కువైందా?"

జ్ఞానయ్య వంకర మణికట్టు రెండో చేత్తో పట్టుకున్నాడు. తరవాత చెప్పాడు.

"మొదట్లో బండి కోసమే. దొర దాసమన్నాడు, ఆర్నెల్లలో వత్తానన్నాడు. ఆళ్ళు అడిగితే నేదన్నాను. సెయ్యి ఇరిగినా నేదన్నాను. ఆ తరవాత ఉందని సెప్తే, ఇన్నాళ్ళు ఎందుకు దాసేవు, నువ్వు జాసూసువే అని తల తీసెత్తురు. నిన్నూ మీ అమ్మనీ కూడా ఒగ్గరు. ఒకసారి నేదన్నాక, మరి ఉందనడానికి నాకు దారి నేదమ్మా."

"యుద్ధం అయిపోయాక?"

"అయిపోయాక మీ అమ్మ నేదు. నీకు ఏటని సెప్పను?"

అతను చెప్పింది నిజమని ఆమెకి తెలుసు. ఆ రోజుల్లో గూఢచారులని పేరు పెట్టి ఎంతమందిని చంపారో ఊరంతా ఎరుగును. చెప్పి ఉంటే తాను కూడా బతికి ఉండేది కాదేమో. కానీ ఆ నిజం తెలిసి ఉండటం వల్ల కోపం పోలేదు. కోపం పెట్టుకోవడానికి చోటు మాత్రం లేకుండా పోయింది. ఆ మాట చెప్పినప్పుడే టీచరమ్మ మొదటిసారి ఆగిపోయింది.

షెడ్డు పని ఆగింది. కారు ఎవరిదో తేల్చాలని ఆఫీసు వాళ్ళు ఆ దొర తోట లెక్కలు చూసిన పాత కంపెనీకి కలకత్తా ఉత్తరం రాశారు. జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆ రెండు గదుల్లో ఇద్దరూ అన్నం, నీళ్ళు, దీపం అన్న మాటలు తప్ప మాట్లాడుకోలేదు. ఆమె వండేది, వడ్డించేది. తన కంచం తీసుకుని పెరటి గుమ్మంలో, తండ్రికి వీపు పెట్టి కూర్చుని తినేది. వెళ్ళిపోవాలనుకుంటే ఇప్పుడు వెళ్ళవచ్చు. అయితే ఎవరి దగ్గరకి? యేసురాజుకి ఇద్దరు పిల్లలని తెలిసింది. ట్రైనింగుకి వయసు దాటిపోయింది.

జవాబు ఇంగ్లీషులో వచ్చింది. గణేశ్వరరావు తెచ్చి ఇస్తే ఆమె చదివి తండ్రికి తెలుగులో చెప్పింది. దొర కలకత్తా చేరగానే ఆ కారు యుద్ధంలో నాశనమైందని కంపెనీకి రాసి ఇచ్చేశాడు. దానితో వాళ్ళకి ఏ సంబంధమూ లేదు, ప్రభుత్వం ఏమైనా చేసుకోవచ్చు.

"ఎప్పుడు రాసిచ్చేడట?" అని అడిగాడు జ్ఞానయ్య.

"నలభై రెండు, మే నెల."

తనని కొట్టింది ఏ నెలలోనో అతను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. దొర కాగితం రాసిచ్చిన ఎనిమిది నెలలకి. ఉత్తరం తన చేతికిమ్మని అడిగి తీసుకున్నాడు. అతనికి చదవడం రాదు. మడతలు విప్పి, ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు.

కారుని కలకత్తా పంపించాలని నిర్ణయమైంది. అక్కడెవరో పాత రేసు కార్లు బాగుచేయించి దాచుకునే పెద్దమనిషి ఉన్నాడట. ఇంజను ఆడుతుందో లేదో చూడమని జ్ఞానయ్యనే అడిగారు. ఇటుక గోడ పడగొట్టారు. ఆఫీసు జీపులోంచి తీసిన పెట్రోలు పోశాడు. ప్లగ్గులు విప్పి, తుడిచి, బిగించాడు. జీపు బ్యాటరీ తెచ్చి తగిలించాడు. ఇంజను కదిలించే ముందరి హ్యాండిలు తిప్పడానికి మాత్రం అతని చేతికి బలం చాల్లేదు. చుట్టూ మగవాళ్ళున్నారు. ఎలీసబెతు చీర కొంగు బిగించి, ఎవరినీ రానివ్వకుండా హ్యాండిలు తానే పట్టుకుంది. ఆరోసారికి ఇంజను దగ్గింది, పదోసారికి అందుకుంది. షెడ్డంతా పొగ. జ్ఞానయ్య చిరిగిన సీటులో కూర్చుని, స్టీరింగు చక్రం మీద వంకర చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు.

"ఆ ముఖంలో సంతోషం చూశాను," అంది టీచరమ్మ. "అమ్మ ముఖం గుర్తొచ్చింది. అక్కడ నిలబడలేకపోయాను."

ఆమె తోటలోకి వెళ్ళిపోయింది. ఇంజను చప్పుడు ఆగిపోయేదాకా తిరిగి రాలేదు.

చక్రాలు బిగించి, కారుని లారీకి కట్టి జెట్టీకి లాగారు. క్రేను దాన్ని ఓడలోకి దించుతుంటే చూడటానికి ఊరు ఊరంతా వెళ్ళింది. వాళ్ళిద్దరూ వెళ్ళలేదు. వారం తిరిగేసరికి షెడ్డు పడగొట్టారు. జ్ఞానయ్య తన చాప చుట్టుకుని గుడి పెద్దలు ఇప్పించిన షాదీపూర్ ఇంటికి నడిచాడు. అతన్ని షెడ్డు నుంచి కదిలించాలని పదేళ్ళకు పైగా బతిమాలిన కూతురు సామాను మోస్తూ వెనక నడిచింది.

ఆ ఇంట్లో ఇంకో ఎనిమిదేళ్ళు కలిసి బతికారు. అతని చూపు తగ్గింది, అడుగు తడబడింది. ఆమె బయటకి పోయే దారి ఇంకా ఇరుకైంది. అయితే అతను మేరి గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె ఎలా నవ్వేది, భీమిలి చేపల పులుసు ఎలా కాచేది, చివరి రోజు ఏం అడిగింది. ఎలీసబెతు ఎనిమిదేళ్ళూ విన్నది. చనిపోయే ముందు ఒకనాడు అతను, నన్ను క్షమించేవా అని అడిగాడు. ఆమె, అన్నం చల్లారిపోతోంది తినండి అంది. రెండోసారి టీచరమ్మ ఆగిపోయింది అక్కడే.

1971లో జ్ఞానయ్యని సమాధి చేశాక ఆమె నెల రోజులు సెలవు పెట్టింది. నలభై రెండేళ్ళ వయసులో మొదటిసారి ఓడెక్కి మద్రాసు వెళ్ళి, అక్కడి నుంచి రైల్లో భీమిలి చేరింది. తండ్రి వైపు చుట్టాలు ఆదరించారు. సెలవు పూర్తికావస్తుంటే తిరిగి మద్రాసు వచ్చింది. చేతిలో టికెట్టు ఉంది. ఓడ బయలుదేరే పొద్దున్న రేవుకి వెళ్ళింది కూడా. వరసలో నిలబడి, తన వంతు దగ్గరకి వస్తుండగా పక్కకి జరిగింది. నిచ్చెన ఎత్తేశారు. మళ్ళీ ఓడ పదిహేడు రోజులకి గానీ లేదు. బడికి, ఓడ తప్పిందని తంతి ఇచ్చింది. ఆ పదిహేడు రోజులూ మేం బడిలో ఆటలాడుకున్నట్టు నాకు బాగా గుర్తు.

అన్ని రోజులు మద్రాసులో ఏం చేశారని అడిగాను.

"బస్సులెక్కాను," అంది. "ఏ బస్సు వస్తే అది. కండక్టరు ఎక్కడికని అడిగితే, ఆఖరి స్టాపు దాకా ఇయ్యి బాబూ అనేదాన్ని. దిగేసరికి ఇంకా రోడ్డుండేది. కొంచెం దూరం నడిచేదాన్ని."