బండిచక్రం మీద దుర్భిణి

ఆ రోజుల్లో మా కడప జిల్లాలో మగవాడి పరపతంతా మూతి మీదే ఉండేది. ఇరవై రెండేళ్ళకే నాకు జమ్మలమడుగు హైస్కూల్లో సైన్సు అయ్యవారి ఉద్యోగం వచ్చిందంటే సగం నా చదువుకి, సగం నా మీసానికి అని నా గట్టి నమ్మకం. (వీధి మలుపులో నాకంటే క్షణం ముందు అది తిరిగేది. పులివెందుల బస్టాండులో నన్ను చూసి ఒక ఎద్దు దారి ఇచ్చింది.) అంతటి మీసాన్ని తీసుకెళ్ళి ఒక ఉపగ్రహం మీద పందెం కాశాను.

అమెరికావాళ్ళు పెద్ద బుడగలాంటి ఉపగ్రహాన్ని వదిలారనీ, పొద్దుగూకగానే అది నక్షత్రంలా నడిచిపోతుందనీ పత్రికలో వేళతో సహా వేసేవారు. "దాన్ని దుర్భిణిలో పట్టి, నూరు లెక్కపెట్టేదాకా వదలను. వదిలితే మీసం తీసేస్తా" అన్నాను మా మేనమామతో. ఆయనకు ప్రొద్దుటూరులో ఇత్తడి సామాన్ల అంగడి. "శానా పెద్ద మాటరా అల్లుడా! మంగలికి ఇప్పుడే చెప్పి పెడతాండా" అన్నాడు మామ.

ప్రొద్దుటూరులోనే పాత సరుకు అమ్మే సాయిబు దగ్గర నా జీతానికి అందే దుర్భిణులు రెండు దొరికాయి. ఒకటి పొట్టిది, వెడల్పు మూతిది. రెండోది ఇత్తడిది, ఫిరంగంత పొడుగు. "పొట్టిదాంట్లో బొమ్మ చిన్నదే గానీ ఆకాశం శానా పడుతుంది సార్" అని సాయిబు చెబుతూనే ఉన్నాడు. మామ రెంటినీ బిందెలు బేరం చేసినట్టు చేత్తో ఎత్తి చూశాడు, వేలితో కొట్టి చెవి ఒగ్గాడు. "ఇది ఖంగుమంటాంది. అది ఉత్త రేకు. బరువుండేదే తీసుకో" అన్నాడు. సైన్సు చదివిన నేను తల ఊపాను.

మరునాటి సాయంత్రం బడి మిద్దె మీద సర్వేవాళ్ళ ముక్కాలిపీటకు ఆ ఫిరంగి బిగించాను. జమ్మలమడుగంతా వచ్చింది. (పడుకున్న పసిపిల్లలు తప్ప.) "అదో!" "యాడ?" "ఆడప్పా, నెత్తిమీదికి వస్తాంది!" నా గొట్టంలో మాత్రం ఆవగింజంత ఆకాశం, దాని మధ్య కదలని ఒకే ఒక్క నక్షత్రం. మర వదులు చేస్తే గొట్టం నేల చూసేది, బిగిస్తే పక్కకు తిరగనని మొరాయించేది. ఊరంతా ఉత్త కళ్ళతో చూసేసింది. చూడనివాడు దుర్భిణి ఉన్నవాడొక్కడే. "పాపం, అయ్యవారికి కండ్లు ఆనవేమో" అంది ఒక అవ్వ.

మామ నా మూతివంక చూశాడు. "ఇంకొక్క సాయంత్రం, మామా" అన్నాను. ఖంగుమన్న పాపంలో తనకూ వాటా ఉంది కాబట్టి ఒప్పుకున్నాడు.

తెల్లారగానే ప్రొద్దుటూరు పోయి, ఫిరంగిని ఇచ్చేసి పొట్టిదాన్ని తెచ్చుకున్నాను. పీట సంగతి బడి వెనక బండ్లు బాగుచేసే తాతను అడిగాను. "పిట్ట ఎగురుతాంటే దాంతోపాటు నువ్వూ తిరగాలప్పా. గుంజకు కట్టేసుకుంటే యాడ దొరుకుతాది?" అన్నాడు. ఇరుసును నేలలో నిలువుగా పాతి, దానిమీద బండిచక్రం పడుకోబెట్టాడు. చక్రం మీద నేను. నా ముందు, గొట్టం కిందికీ మీదికీ ఊగేలా ఒక పంగల కర్ర.

ఉపగ్రహం వచ్చే వేళకే చక్రం బిగుసుకుంది! కందెన కుండలో మోచేతిదాకా చెయ్యి పెట్టి ఇరుసుకు పూసి ఎక్కాను. "తొయ్యి తాతా!" తాత తోశాడు. చిక్కింది! వెలుగు చుక్క గొట్టం నడిమధ్య కూర్చుంది, దాని వెనక నక్షత్రాలు వరసగా జారిపోతున్నాయి. మామ గొంతెత్తి లెక్కపెట్టాడు. "నూరు! దిగరా అల్లుడా, నేనూ చూడాల!" మామ ఎక్కి చూసి, "ఓరి నీ... నడుస్తాందిరా!" అని కేక వేశాడు. ఆ కేక గండికోట లోయలో మూడుసార్లు తిరిగి వచ్చిందంటారు. (నేనే అంటాను.)

ఆ గర్వంలో రెండు చేతులా మీసం మెలివేశాను.

ఆముదం, గడ్డి బూడిద కలిపి నూరిన కందెన అది. కుంకుడుకాయకు లొంగలేదు, కిరసనాయిలుకు లొంగలేదు. నాలుగోరోజు మామ మంగలిని వెంటపెట్టుకుని వచ్చాడు. "పందెం నువ్వే గెలిచినావులేరా, దాన్ని కాదనను. పిలిచిన మనిషిని ఊరికే పంపకూడదు గదా."

మీసం మళ్ళీ వచ్చింది, ఇప్పుడు సగం తెల్లబడింది. సందెవేళ ఆకాశంలో ఏ చుక్కయినా నడుస్తూ కనిపిస్తే చెయ్యి దానంతటదే మూతి మీదికి పోతుంది. మెలివేసే ముందు మాత్రం వేళ్ళు ఒకసారి చూసుకుంటాను.