హంస అంచును ఊడ్చేసిన చీపురు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. గద్వాలలో లినక్స్ కంప్యూటర్ నడపడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే అనుకునేవాణ్ని (రెండోవాడి కోసం వెతికిందీ లేదు). ఒక చీరల సేటు దగ్గర పని. అంచుల డిజైన్లను కంప్యూటర్లో దాచి, మగ్గానికి కట్టే అట్టలకు చిల్లులు కొట్టడానికి సిద్ధం చేయాలి. గీసేది మాత్రం మేం గళ్ల మామ అని పిలిచే డిజైన్ మాస్టరు. ఏళ్ల తరబడి గళ్ల కాగితం మీద గీసిన ఆ మనిషి యాభై దాటాక మౌసు పట్టడం నేర్చుకున్నాడు. పిచ్చుకపిల్లను పట్టుకున్నంత మెత్తగా పట్టేవాడు. చూసి నేను నవ్వుకునేవాణ్ని.

మా దగ్గర అంచు పేరు మారదు. హంస అంచును మళ్లీ గీస్తే కొత్తదీ హంసే, మునుపటిది 'హంస పాత' అవుతుంది. మామ కంప్యూటర్లో ఫోల్డర్లకూ అలాగే, రెండు మాటల మధ్య ఖాళీ వదిలి పేర్లు పెట్టాడు. డిస్కు నిండడంతో సేటు పాతవి తీసెయ్యమన్నాడు. ఒక్కొక్కటీ చేత్తో తీస్తే నా చదువుకు అవమానం కదా! 'చీపురు' అనే షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటరుకిచ్చే ఆజ్ఞల చిట్టా, రాశాను. ఫోల్డరు పేరు ఇస్తే అది ఊడ్చేస్తుంది. పేరులో ఖాళీ ఉంటే కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వాలని తెలుసు, ఇచ్చాను. స్క్రిప్టు లోపల ఆ పేరును అందుకునే $1 చుట్టూ కూడా ఆ గుర్తులు ఉండాలని మాత్రం తెలియదు. అవి లేక లోపల పేరు రెండు ముక్కలైంది. చీపురు ముందు 'హంస'ను ఊడ్చింది, తర్వాత 'పాత' కోసం వెతికి, అలాంటిది లేదని ఒక వరుస చూపింది. ఆ వరుస చదివే తీరిక నాకెక్కడిది? (నకలు తీసి ఉంచడం పిరికివాళ్ల పనని అప్పటి నా అభిప్రాయం.)

పోయింది మామ పద్దెనిమిది రోజుల కష్టం. మర్నాడు అట్టల కోసం నేత దంపతులు వచ్చి కూర్చున్నారు. సేటూ ఉన్నాడు.

"హంస ఏది పిల్లగా?" అన్నాడు మామ, తెరంతా రెండుసార్లు వెతికి.

"ఉండాలె గద మామా."

"పాతదుంది, కొత్తది లేదు. నేనేమన్న నొక్కిన్నా ఏంది?"

నేను తప్పించుకోవడానికి ఆయనే దారి చూపాడు. "పేరుల ఖాళీ ఎందుకు పెడ్తవు మామా? గట్ల పెడితే కంప్యూటర్ పరేషాన్ అయితది," అన్నాను, అందరికీ వినబడేలా.

"నీకెందుకు మాస్టరూ గీ మిషన్? రేపటి సంది కాగితం మీదనే గియ్యి," అన్నాడు సేటు.

మామ మౌసును మెల్లగా పక్కకు జరిపి లేచాడు. ఆ సాయంత్రమే నా తప్పు ఎక్కడుందో దొరికింది. స్క్రిప్టులో రెండు గుర్తులు చేర్చాను, నోరు మాత్రం తెరవలేదు. ఆయన హంసను కాగితం మీద మళ్లీ గీశాడు. కంప్యూటర్ గది గడప మాత్రం మళ్లీ తొక్కలేదు.

ఇరవై ఏళ్లు గడిచాక, మొన్న వనపర్తిలో కూతురింట ఉన్న ఆయన దగ్గరికి వెళ్లి చెప్పాను. కొటేషన్ గుర్తుల సంగతి వివరిస్తుంటే ఆపేశాడు.

"అంటే నేనేం నొక్కలే?"

"లేదు మామా. తప్పు నాదే."

ఆయన తన చూపుడువేలును చాలాసేపు చూసుకున్నాడు. "గిన్నేండ్లు దీన్ని తిట్టుకుంటి కదరా! నాకొక్కనికి చెప్తే ఏమొస్తది? గప్పుడు అందరి ముంగట అన్నవు. పొయ్యి సేటుకు చెప్పు."

వెళ్లాను. సేటుకు హంస గుర్తులేదు, చీపురు సంగతి అసలే తెలియదు. "గా మాస్టరే కద కంప్యూటర్ ఖరాబ్ చేసింది?" అన్నాడు. నేనన్న మాటొక్కటే ఆయన దగ్గర చెక్కుచెదరకుండా మిగిలింది.

"ఆయన కాదు సేటూ, నేను."

"ఆఁ?" అన్నాడు, చెవికి చెయ్యి అడ్డం పెట్టి.

గట్టిగా చెప్పాను. చీరలు చూస్తున్న ఆడవాళ్లు ఇటు తిరిగారు. బట్టతలతో, బొజ్జతో, కొట్టు నడుమ నిలబడి నేరం ఒప్పుకుంటూ అరుస్తున్న నన్ను తలచుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆయనకు వినబడేదాకా మూడోసారీ చెప్పాను. ఇక్కడ రాస్తున్నది నాలుగోసారి.